పోలింగ్ తేదీ వార్త రాసేముందు వేళ్ల మీద లెక్క చూడండి

సంపాదకులకు,

నమస్కారం. ‘ముందస్తు ఖాయం’, ‘ఎన్నికలు వెనక్కి?’, ‘పోలింగ్ తేదీ మారనుందా?’ లాంటి శీర్షికలు పత్రికల్లో తరచూ కనిపిస్తుంటాయి. పొద్దున వాటిని ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పుతారు, సాయంత్రానికి టీకొట్టు దగ్గర ఖరారైపోతుంది. వీటిలో చాలా వార్తలు లెక్క దగ్గరే తప్పుతున్నాయి. ఎన్నికల తేదీ అనేది ఒక్కటి లేదు. సభ గడువు ముగిసే తేదీ వేరు, షెడ్యూల్ ప్రకటించే తేదీ వేరు, నోటిఫికేషన్ వేరు, పోలింగ్ వేరు, కౌంటింగ్ వేరు. కొన్నింటిని రాజ్యాంగం కట్టేసింది, కొన్నింటికి చట్టం రోజులు లెక్కగట్టి పెట్టింది, మిగిలినవే ఎన్నికల సంఘం చేతిలో ఉన్నాయి. ‘తేదీ మారుతుందా’ అని అడిగేవారు ముందు ఏ తేదీ సంగతి అడుగుతున్నారో చెప్పాలి.

మొదట గడువు. శాసనసభకు అయిదేళ్లని అందరికీ తెలుసు, ఎప్పటి నుంచి అన్నచోటే పొరపాటు పడుతున్నారు. ఫలితాలొచ్చిన రోజునో, ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజునో మొదలుపెట్టి లెక్కిస్తున్నారు. రాజ్యాంగం 172వ అధికరణం ప్రకారం కొత్త సభ తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి లెక్కించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలొచ్చాయి, 12న ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు, 21న సభ తొలిసారి కూడింది. కాబట్టి ఈ సభ గడువు 2029 జూన్ 20. తెలంగాణలో 2023 డిసెంబరు 3న ఓట్లు లెక్కించారు, 7న ప్రభుత్వం ఏర్పడింది, 9న సభ కొలువుదీరింది. గడువు 2028 డిసెంబరు 8. లోక్‌సభకు 83వ అధికరణం కింద ఇదే పద్ధతి: 2024 జూన్ 24న కూడింది కనుక 2029 జూన్ 23.

గడువు తీరిందంటే సభ దానంతటదే రద్దవుతుంది, ఎవరి సంతకమూ అక్కర్లేదు. దాన్ని పొడిగించాలంటే అత్యవసర పరిస్థితి అమల్లో ఉండాలి, పార్లమెంటు చట్టం చేయాలి. అదైనా ఒక్కో విడతకు ఏడాదికి మించకూడదు, అత్యవసర పరిస్థితి ఎత్తేశాక ఆరు నెలలు దాటకూడదు. 1971లో ఎన్నికైన లోక్‌సభకు 1976లో రెండుసార్లు ఇలా గడువు పెంచారు. (1972లో ఎన్నికైన మన శాసనసభ 1978 దాకా సాగడం వేరే కథ. 42వ సవరణ సభల ఆయుష్షునే ఆరేళ్లు చేసింది, 44వ సవరణ మళ్లీ అయిదుకు దించింది.) వరదొచ్చినా, తుపానొచ్చినా, మహమ్మారి వచ్చినా వాటి పేరు చెప్పి సభ గడువును ఒక్కరోజు కూడా పెంచడానికి వీల్లేదు.

ఈ హద్దు ఎంత గట్టిదో 2024 మార్చిలో చూశాం. 16న ప్రకటించిన షెడ్యూల్‌లో కౌంటింగ్ అన్నిచోట్లా జూన్ 4నే. అరుణాచల్ ప్రదేశ్, సిక్కిం శాసనసభల గడువు జూన్ 2తో తీరిపోతుందన్న కారణంతో మర్నాడే ఆ రెండు అసెంబ్లీల లెక్కింపును జూన్ 2కు జరిపారు. అక్కడి లోక్‌సభ ఓట్లను మాత్రం 4నే లెక్కించారు. ఒకే బూత్‌లో ఒకే రోజు వేసిన రెండు ఓట్లకు రెండు వేర్వేరు కౌంటింగ్ తేదీలన్నమాట. సభల గడువులు ఏనాడో తెలిసినవే కదా, ముందురోజు ఎందుకు చూసుకోలేదని అడగడం న్యాయమే.

ముందువైపు కూడా ఒక హద్దుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 14, 15 సెక్షన్ల ప్రకారం సభ గడువు ముగియడానికి ఆరు నెలల కన్నా ముందు ఎన్నికల నోటిఫికేషన్ ఇవ్వకూడదు. సభను రద్దు చేస్తే ఈ హద్దు ఉండదు, అందుకే ‘ముందస్తు’ కావాలనుకునేవారు రద్దు దారి పడతారు. ఇక్కడే రెండో పెద్ద అపోహ మొదలవుతుంది: రద్దు చేస్తే ఆరు నెలల్లో ఎన్నికలు జరిపి తీరాలని.

రాజ్యాంగంలో ఆ మాట లేదు. 174వ అధికరణంలోని ఆరు నెలలు ఒక సమావేశం చివరి రోజుకూ తర్వాతి సమావేశం మొదటి రోజుకూ మధ్య ఉండే ఎడం. 2002 జులై 19న గుజరాత్ సభను రద్దు చేసినప్పుడు ఈ వాదనతోనే వెంటనే ఎన్నికలు పెట్టమన్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలోని ఎన్నికల సంఘం ఆగస్టు 16న కుదరదంది. రాష్ట్రపతి సలహా కోరగా సుప్రీంకోర్టు అక్టోబరు 28న, రద్దయిన సభకు ఆ నిబంధన వర్తించదని, అలాగని ఎన్నికలను సాగదీయకూడదని, వీలైనంత తొందరగా జరపాలని తేల్చింది. పోలింగ్ డిసెంబరు 12న జరిగింది.

మన దగ్గర ఇదే ప్రయోగం రెండుసార్లు జరిగి రెండు రకాలుగా తేలింది. అలిపిరి పేలుడు తర్వాత 2003 నవంబరు 14న ఉమ్మడి రాష్ట్ర శాసనసభను రద్దు చేశారు. పోలింగ్ తొలి విడత 2004 ఏప్రిల్ 20న, మలివిడత 26న, లోక్‌సభతో కలిపే జరిగాయి. రద్దుకూ తొలి ఓటుకూ మధ్య 158 రోజులు. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ సభ రద్దయింది, డిసెంబరు 7న పోలింగ్, అంటే 92 రోజులు. తేడా ఎక్కడొచ్చిందంటే, 2018లో ఓటరు జాబితా సవరణను సంఘం పరుగున పూర్తి చేయించింది. దానికి మూల్యం కూడా ఉంది. ఆ సవరణకు అర్హత తేదీని (ఓటుకు 18 ఏళ్లు నిండి ఉండాల్సిన తేదీని) 2018 జనవరి 1గా పెట్టారు. సాధారణ పద్ధతిలో 2019 జనవరి 1 అయితే ఓటు వచ్చి ఉండే కుర్రకారు ఆ ఎన్నికల్లో బయటే ఉండిపోయారు. తేదీ ముందుకు జరిగిందంటే జాబితాలోంచి ఎవరో ఒకరు జారిపోతారు, ఇది రాజకీయ విశ్లేషణల్లో కనబడదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలు (జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1) వచ్చాయి కనుక ఈ నష్టం కొంత తగ్గింది.

అదే సమయంలో సంఘం ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. సభను ముందుగా రద్దు చేస్తే, షెడ్యూల్ కోసం ఆగకుండా ఆ క్షణం నుంచే ఆపద్ధర్మ ప్రభుత్వానికి ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) వర్తిస్తుందని 2018 సెప్టెంబరు 27న చెప్పింది. రద్దు సిఫార్సు మంత్రివర్గం చేతిలో ఉంటుంది, తేదీ దాని చేతిలో ఉండదు, పైగా కొత్త పథకాలు ప్రకటించే వీలు ఆ రోజే పోతుంది. ‘ముందస్తు’ కథనాలు రాసేవారు ఈ మూడో ముక్క కూడా కలిపితే సగం ఊహాగానాలు వాటంతటవే చల్లారతాయి.

ఇక అసలు లెక్క. ప్రజాప్రాతినిధ్య చట్టం 30వ సెక్షన్‌ను కంఠస్థం చేయడానికి నాలుగు అంకెలు చాలు: ఏడు, ఒకటి, రెండు, పద్నాలుగు. నోటిఫికేషన్ వచ్చిన తర్వాత ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు. మర్నాడు పరిశీలన. పరిశీలన తర్వాత రెండో రోజు ఉపసంహరణకు ఆఖరు. ఆ తర్వాత పద్నాలుగో రోజుకన్నా ముందు పోలింగ్ పెట్టకూడదు. మొదటి మూడింటిలో ఏదైనా సెలవు రోజున పడితే ఆ తర్వాతి పనిదినానికి జరుగుతుంది. సెలవంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింది సెలవే, కలెక్టరు ఇచ్చిన స్థానిక సెలవు లెక్కలోకి రాదు. మొత్తం కలిపితే ఎంత తొందరపడ్డా నోటిఫికేషన్‌కూ పోలింగ్‌కూ మధ్య 24 రోజులు ఉండాల్సిందే.

గత ఎన్నికలతో సరిచూడండి. 2019లో మార్చి 18న నోటిఫికేషన్, 25 ఆఖరు, 26 పరిశీలన, 28 ఉపసంహరణ, ఏప్రిల్ 11 పోలింగ్. సరిగ్గా 24 రోజులు, ఒక్కరోజు కూడా మిగలలేదు. 2024లో ఏప్రిల్ 18, 25, 26 వరసగా వచ్చాయి, ఉపసంహరణకు రావలసిన 28 ఆదివారమైంది కనుక 29కి పోయింది, దానిమీద పద్నాలుగు కలిపితే మే 13. తెలంగాణలో 2023 నవంబరు 3న నోటిఫికేషన్, 10 ఆఖరు. 11 రెండో శనివారం, 12 ఆదివారం, అదే దీపావళి. పరిశీలన 13కు, ఉపసంహరణ 15కు పడ్డాయి. 29 నుంచి పోలింగ్ పెట్టవచ్చు, సంఘం 30 ఎంచుకుంది. ‘పోలింగ్ వారం ముందుకు జరుగుతుందట’ అని ఎవరైనా చెబితే ఈ అంకెలు వేళ్ల మీద వేసి చూడండి. ఉపసంహరణ అయిపోయాక పోలింగ్ వెనక్కి పోవచ్చుగానీ పద్నాలుగు రోజుల లోపలికి రాలేదు.

ఈ పద్నాలుగు 1996కు ముందు ఇరవై. ప్రచారం కోసమే ఇన్ని రోజులనుకుంటారు, ఎక్కువ భాగం యంత్రాంగానికే కావాలి. ఉపసంహరణ రోజు మధ్యాహ్నం మూడు గంటలు దాటాకే ఎవరు బరిలో ఉన్నారో తేలుతుంది. గుర్తింపు పొందిన పార్టీల వారు ముందు, ఇతర రిజిస్టర్డ్ పార్టీల వారు ఆ వెనుక, స్వతంత్రులు చివర, ఒక్కో వరసలో తెలుగు అక్షరక్రమంలో జాబితా కడతారు. అది ఖరారయ్యాకే బ్యాలెట్ పత్రం అచ్చుకు వెళ్తుంది. సైనిక ఓటర్లకు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్లు పంపాలి, ఎన్నికల సిబ్బంది పోస్టల్ ఓట్లు వేయించాలి, 85 ఏళ్లు దాటినవారి ఇళ్లకు బృందాలు వెళ్లాలి. అభ్యర్థుల ఎదుట యంత్రాలకు రెండో విడత ర్యాండమైజేషన్ జరిపి, ఏ బూత్‌కు ఏది పోతుందో తేల్చి, బ్యాలెట్ యూనిట్లలో పత్రాలు బిగించి, వీవీప్యాట్లలో గుర్తులు ఎక్కించి, అయిదు శాతం యంత్రాలపై ఒక్కోదానికి వెయ్యి ఓట్లతో నమూనా పోలింగ్ చేయాలి. పోలింగ్‌కు అయిదు రోజుల ముందే ఓటరు స్లిప్పులు పంచడం ముగియాలి. ఇందులో ఏ మెట్టు జారినా ఆ భారం చివరి మూడు రోజుల మీద పడుతుంది.

ఎంత భారం పడినా తేదీ నిలబెట్టవచ్చని చూపింది 2019 నిజామాబాద్ లోక్‌సభ స్థానం. పసుపు, ఎర్రజొన్న రైతులు మద్దతు ధర కోసం నామినేషన్లు వేయడంతో బరిలో 185 మంది మిగిలారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మీటలే ఉంటాయి. నోటాతో కలిపి 186, అంటే బూత్‌కు పన్నెండు యూనిట్లు. పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్లు మించి కలపడం కుదరదు, కాబట్టి 24 యూనిట్ల దాకా కలపగలిగే ఎం-3 యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. ఎన్నిక వాయిదా వేయాలని, కాగితపు బ్యాలెట్ పెట్టాలని డిమాండ్లు వచ్చాయి. పోలింగ్ మాత్రం ఏప్రిల్ 11నే జరిగింది, వేళలు ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు మార్చారు. వేళలు మార్చే అధికారం 56వ సెక్షన్ కింద సంఘానికి ఉంది, ఎనిమిది గంటలకు తగ్గకూడదంతే. 2024 మేలో ఎండల వల్ల తెలంగాణలో చాలాచోట్ల మరో గంట పెంచి ఆరు దాకా ఓటు వేయనిచ్చిందీ ఆ సెక్షన్ కిందే. తేదీ మారిందని కొందరు పొరపడే వార్తల్లో కొన్ని నిజానికి వేళలు మారిన వార్తలు.

సంఘం చేతిలో నిజంగా ఉన్నది ఈ లెక్కకూ సభ గడువుకూ మధ్య మిగిలిన ఖాళీ. అందులో పరీక్షలు, పండగలు, ఎండలు, వానలు, కేంద్ర బలగాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి చేరడానికి పట్టే రోజులు చూసుకుని షెడ్యూల్ ప్రకటిస్తారు. ప్రకటనతో కోడ్ వస్తుందిగానీ చట్టం దృష్టిలో ఎన్నిక ఇంకా మొదలవలేదు. ప్రకటనకూ నోటిఫికేషన్‌కూ మధ్య మామూలుగా మూడు వారాలు మించకూడదని 2001లో ఒప్పుకున్నారు. ఈ మూడు వారాల్లో తేదీ మార్చడానికి సంఘానికి ఒక ప్రెస్‌నోట్ చాలు, చట్టపరంగా సవరించాల్సింది ఏమీ ఉండదు.

మార్పులు ఎక్కువగా ఇక్కడే జరిగాయి. 2022లో పంజాబ్ పోలింగ్ ఫిబ్రవరి 14 నుంచి 20కి జరిగింది. 16న గురు రవిదాస్ జయంతి, వేలమంది వారణాసి వెళ్తారు. 2023లో రాజస్థాన్ తేదీ ప్రకటించిన రెండు రోజులకే నవంబరు 23 నుంచి 25కు మారింది. 23న దేవ్ ఉఠనీ ఏకాదశి, మనం ఉత్థాన ఏకాదశి అంటాం, అక్కడ ఆ రోజు పెళ్లిళ్లు జోరుగా జరుగుతాయి. 2024లో హరియాణా పోలింగ్ బిష్ణోయ్‌ల ఆసోజ్ అమావాస్య వల్ల అక్టోబరు 1 నుంచి 5కు పోయింది, దాంతోపాటు జమ్మూ కశ్మీర్ కౌంటింగ్ కూడా 4 నుంచి 8కి మారింది. మిజోరంలో 2023 కౌంటింగ్‌ను మాత్రం పోలింగ్ కూడా అయ్యాక, ఆదివారం కాబట్టి డిసెంబరు 3 నుంచి 4కు తీశారు. ఏకాదశి, అమావాస్య, ఆదివారం – ఇవేవీ హఠాత్తుగా ఊడిపడేవి కావు, పంచాంగంలో ఏడాది ముందే ఉంటాయి. ప్రతి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గర స్థానిక పండగల పట్టిక ఒకటి ఉండి, ప్రకటనకు ముందు దానితో సరిచూస్తే ఈ సవరణలు తప్పేవి. ఊళ్లో పూజారి ముహూర్తం పెట్టేముందు ఆ మాత్రం చూస్తాడు.

నోటిఫికేషన్ వచ్చాక తేదీ మార్చాలంటే 153వ సెక్షన్ కావాలి. సరైన కారణాలుంటే ఎన్నిక పూర్తిచేసే గడువును పొడిగిస్తూ నోటిఫికేషన్‌ను సవరించే అధికారం అది. 2020 మార్చి 26న జరగాల్సిన రాజ్యసభ ఎన్నికలను కరోనా వల్ల ఈ సెక్షన్ కిందే ఆపి జూన్ 19న జరిపారు. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు స్థానాలూ అందులోవే. 2024 నవంబరు 13న జరగాల్సిన పాలక్కాడ్ (కేరళ), పంజాబ్, ఉత్తరప్రదేశ్ ఉప ఎన్నికలు కూడా నామినేషన్లన్నీ ముగిశాక, నవంబరు 4న, పండగల కారణంగా 20కి మారాయి. కాబట్టి నోటిఫికేషన్ వచ్చింది కనుక ఇక మారదని రాయడమూ సరికాదు. మారడం అరుదు, అంతే.

ఇక అభ్యర్థి మరణం. స్వతంత్ర అభ్యర్థి చనిపోయినా ఎన్నిక ఆగుతుందన్న పాత నియమాన్ని 1996లో తీసేశారు. ఇప్పటి 52వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోయి, ఆ సమాచారం పోలింగ్ మొదలయ్యేలోపు అందితేనే వాయిదా. ఆ పార్టీకి కొత్త అభ్యర్థిని పెట్టుకోవడానికి ఏడు రోజులిస్తారు, మిగతావారు మళ్లీ నామినేషన్ వేయనక్కర్లేదు. రాజస్థాన్‌లోని కరణ్‌పూర్‌లో 2023లో కాంగ్రెస్ అభ్యర్థి చనిపోతే అక్కడ 2024 జనవరి 5న పోలింగ్ జరిగింది. ‘గుర్తింపు పొందిన’ అన్న మాట ఎంత బరువైనదో ఆళ్లగడ్డ చెబుతుంది. 2014 ఏప్రిల్ 24న, పోలింగ్‌కు రెండు వారాలు కూడా లేనప్పుడు, అక్కడి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో గాయపడి కన్నుమూశారు. ఆ పార్టీ అప్పటికి రిజిస్టరైందే తప్ప గుర్తింపు పొందలేదు. అందుకే మే 7న పోలింగ్ యథావిధిగా సాగింది, యంత్రం మీద ఆమె పేరు అలాగే ఉంది, ఎక్కువ ఓట్లు ఆమెకే వచ్చాయి. ఆ తర్వాత ఉప ఎన్నిక అవసరమైంది.

గొడవలు, ప్రకృతి వైపరీత్యం అయితే 57వ సెక్షన్ కింద ఆ బూత్ వరకు పోలింగ్ వాయిదా. యంత్రాలు ధ్వంసమైతే 58, బూత్ ఆక్రమణ అయితే 58ఏ. రీపోలింగ్ అంటే ఇవే, నియోజకవర్గం తేదీ మామూలుగా వీటితో మారదు. మొత్తం నియోజకవర్గానికే దెబ్బ తగిలినవీ ఉన్నాయి. ఒడిశాలోని పట్కురాలో 2019లో అభ్యర్థి మరణంతో వాయిదాపడిన పోలింగ్‌ను ఫొని తుపాను ఇంకోసారి ఆపింది, చివరికి జులై 20న జరిగింది. డబ్బు పంపిణీ బయటపడి వెల్లూరు లోక్‌సభ ఎన్నికనైతే ఏకంగా రద్దే చేశారు. ఏప్రిల్ 18న ఓటు వేయాల్సిన వెల్లూరు 2019 ఆగస్టు 5న వేసింది. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు మిగిలిన విడతలు జూన్ 12, 15 తేదీలకు జరిగాయి.

ఉప ఎన్నికల ‘ఆరు నెలలు’ నిజమైనదే, 151ఏ సెక్షన్‌లో ఉంది, రెండు మినహాయింపులతో. సభ్యుడికి మిగిలిన కాలం ఏడాదికి తక్కువైతే అక్కర్లేదు. ఆ వ్యవధిలో జరపడం కష్టమని సంఘం కేంద్రాన్ని సంప్రదించి ధ్రువీకరిస్తే ఆపవచ్చు. ప్రత్యేక హోదా కోసం 2018 ఏప్రిల్‌లో రాజీనామా చేసిన అయిదుగురు ఎంపీల స్థానాలు జూన్ 20న ఖాళీ అయ్యాయి, ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3. ఏడాదికి పదిహేడు రోజులు తక్కువ, కాబట్టి ఉప ఎన్నికలు రాలేదు. రాజీనామా ఇచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు, ఖాళీ ఏర్పడిన రోజునే తీసుకుంటారు. 2021లో మార్చి 28న ఖాళీ అయిన బద్వేలుకు అక్టోబరు 30న పోలింగ్ జరగడం కరోనా వల్ల.

ఇదంతా పెద్ద ఎన్నికల సంగతి. అసలు తేదీలు గాలికి పోయేది ఊళ్లలో. 243ఈ అధికరణం పంచాయతీలకు కూడా అంతే గట్టిగా అయిదేళ్లు, అంతకు మించి వద్దు, గడువు తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలంటుంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదటికి ముగిసింది, ప్రత్యేకాధికారుల పాలన దాటి 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో ఓట్లు పడ్డాయి. కారణం చూస్తే కిటుకు అర్థమవుతుంది. రాష్ట్ర ఎన్నికల సంఘం (ఎస్‌ఈసీ) తేదీ పెట్టాలంటే వార్డుల విభజన, రిజర్వేషన్లు ముందు ఖరారు కావాలి, అవి ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. అవి రాకుండా ఎస్‌ఈసీ ఏ తేదీ రాసుకున్నా కాగితం మీదే. వచ్చినా కోర్టులో ఆగవచ్చు: 42 శాతం బీసీ రిజర్వేషన్ల జీవోపై 2025 అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇవ్వగానే అప్పటికే ఇచ్చిన నోటిఫికేషన్ నిలిచిపోయింది.

329వ అధికరణం ఉండగా కోర్టు ఎలా ఆపుతుందని కొందరు అడుగుతారు. నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా కోర్టులు చేయి పెట్టకూడదని, అభ్యంతరాలుంటే తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవాలని 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నేటికీ చెల్లుతుంది. స్థానిక సంస్థలకు అదే అర్థంతో 243ఓ ఉంది. అయితే రిజర్వేషన్ల జీవో ఎన్నిక ప్రక్రియకు ముందరి ముక్క, ఆ సందులోంచే కేసులు దూరుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో జరిగిందైతే న్యాయ విద్యార్థులకు ఏడాది పాఠం. ఎంపీటీసీ, జెడ్పీటీసీ నామినేషన్లు పూర్తయ్యాక 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ (ఈయన్నీ ఎస్‌ఈసీ అనే అంటారు) కరోనా పేరిట ఆరు వారాల వాయిదా వేశారు. మూడు రోజులకే సుప్రీంకోర్టు వాయిదాలో జోక్యం చేసుకోనంది, కోడ్ మాత్రం ఎత్తేయమంది, కొత్త తేదీకి ముందు ప్రభుత్వాన్ని సంప్రదించాలంది, పోలింగ్‌కు నాలుగు వారాల ముందు మళ్లీ కోడ్ పెట్టమంది. ఎస్‌ఈసీ పదవీకాలం తగ్గించే ఆర్డినెన్సు, హైకోర్టులో దాని కొట్టివేత, పునర్నియామకం గడిచాక 2021 జనవరి 8న పంచాయతీ షెడ్యూల్ వచ్చింది. 11న సింగిల్ జడ్జి ఆపారు, 21న ధర్మాసనం పచ్చజెండా ఊపింది, 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్ కొట్టేసింది. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో పోలింగ్ అయింది. పరిషత్తులకు కొత్త ఎస్‌ఈసీ ఏప్రిల్ 1న ప్రకటించి 8న పోలింగ్ పెట్టారు. ఆ ‘నాలుగు వారాల’ మాట మీదే 6న స్టే, 7న ధర్మాసనం అనుమతి, 8న పోలింగ్, లెక్కింపు మాత్రం ఆగింది. సెప్టెంబరు 19న పెట్టెలు తెరిచారు. తేదీ మార్పు వల్ల నామినేషన్‌కూ ఫలితానికీ మధ్య ఏడాదిన్నర గడిచింది. మధ్యలో ఎంతమంది అభ్యర్థులు చనిపోయారో, ఊరు మారారో ఆ గ్రామాలకే తెలుసు.

జమిలి (లోక్‌సభకూ శాసనసభలకూ ఒకేసారి ఎన్నికలు) గురించీ ఒక మాట. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు సంయుక్త కమిటీకి వెళ్లింది. అందులో 82ఏ అనే కొత్త అధికరణం ఉంది. సాధారణ ఎన్నికల తర్వాత లోక్‌సభ తొలి సమావేశం రోజున రాష్ట్రపతి ఒక ‘నిర్ణీత తేదీ’ ప్రకటిస్తారు, ఆ తేదీ తర్వాత ఎన్నికలు జరిగి ఏర్పడిన శాసనసభలన్నీ ఆ లోక్‌సభతోనే ముగుస్తాయి. ఆ తేదీ 2029లో పడుతుందనుకుంటే, 2028 చివర ఎన్నికయ్యే తెలంగాణ సభ 2033 చివరిదాకా నడుస్తుంది, దాని తర్వాతి సభకు దక్కేది కొన్ని నెలలే. కాబట్టి జమిలి వస్తే తెలంగాణలో 2028 ఎన్నికలు జరగవని రాస్తున్నవారు బిల్లు పాఠం చూడలేదనుకోవాలి.

ఓటరుకు పనికొచ్చే రెండు తేదీలు పత్రికల్లో ఎప్పుడూ మూల పడతాయి. కొత్త ఓటుకు ఫారం-6 నామినేషన్ల ఆఖరుకు పది రోజుల ముందు దాకానే పనికొస్తుంది, 2024లో అది ఏప్రిల్ 15. ఇంటి నుంచి ఓటు కోరే ఫారం-12డీ, నోటిఫికేషన్ నుంచి అయిదు రోజుల్లోపే ఇవ్వాలి. పోలింగ్ మాత్రమే వెనక్కి జరిగి నోటిఫికేషన్ అక్కడే ఉంటే ఈ రెండూ జరగవు. ఇంకా వారం ఉందిలే అని కూర్చున్నవారు ఇక్కడే నష్టపోతారు. డాలస్, దుబాయ్‌లలో ఉండి ఫారం-6ఏతో పేరు నమోదు చేసుకున్నవారు బూత్‌కు స్వయంగా రావాలి, కాబట్టి షెడ్యూల్ చూసి కాకుండా నోటిఫికేషన్ చూసి టికెట్ కొనడం మేలు. హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది. 2024లో మే 13 సోమవారం కావడంతో శనివారం నుంచే విజయవాడ రోడ్డు ఎలా నిండిందో తెలిసిందే.

మీ పత్రికకు మా అభ్యర్థన చిన్నది. తేదీ మార్పు వార్త వేసినప్పుడల్లా కింద ఒక పెట్టె కట్టి మూడు సంగతులు వేయండి: సభ గడువు ఎప్పుడు, నోటిఫికేషన్ వచ్చిందా లేదా, మార్పు ఏ సెక్షన్ కింద. మూడోది దొరక్కపోతే ఆ వార్తను ఒకరోజు ఆపినా నష్టం లేదు.

ఇట్లు,
ఎన్నికల విధులు తెలిసిన మీ పాఠకులు కొందరం